మిగిలిన కాలిని ఎవరు చూడాలి?



షుగరు జబ్బు ఉన్నవారు పాదాలను జాగ్రత్తగా చూసుకోవాలని మీరు ఎన్నోసార్లు విని ఉంటారు. కాలు పోకుండా ఏమి చేయాలో చెప్పేవారు చాలామంది ఉన్నారు. కాని ఒకసారి కాలు తీయవలసి వచ్చిన తరువాత, మిగిలిన భాగాన్ని ఎలా కాపాడుకోవాలో చెప్పేవారు తక్కువ. ఆపరేషన్ అయిపోయింది, కుళ్ళిన భాగం పోయింది, ఇక గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. అయితే కోసి కుట్టిన ఆ చివరి భాగంలో కూడా కండ చచ్చిపోవచ్చు. కొందరికి అది చిన్న నల్లమచ్చతో ఆగుతుంది. కొందరికి మళ్ళీ ఆపరేషన్ దాకా వస్తుంది. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ విషయంలో మా అభిప్రాయం సూటిగా చెబుతాము. మొదటిది, కాలు తీసే ముందే రోగికీ, ఇంటివారికీ రెండవ ఆపరేషన్ అవసరం కావచ్చునని తెలుగులో, అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. రెండవది, ఇంటికి వెళ్ళిన తరువాత ఆ కాలిని రోజూ చూసే మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి ఎవరో డిశ్చార్జికి ముందే తేలాలి. ఈ రెండూ జరిగితే చాలా మోకాళ్ళు నిలుస్తాయని మేము గట్టిగా నమ్ముతున్నాము.

కండ ఎందుకు చచ్చిపోతుంది?

తీసివేయగా మిగిలిన కాలిని ఆసుపత్రిలో స్టంప్ అంటారు. మన వాడుకలో మొండి కాలు అంటారు. మాట మోటుగా ఉన్నా అందరికీ తెలిసినది గనుక ఇక్కడ అదే వాడుతున్నాము.

కాలువ కింద వ్యవసాయం చేసేవారికి ఈ సంగతి తేలికగా అర్థమవుతుంది. కాలువ మొదట్లో నీరు నిండుగా ఉన్నా శివారు పొలాలకు చేరేసరికి అది సన్నబడుతుంది. పూడిక పేరుకున్న కాలువైతే శివారు ఎండిపోతుంది. మన ఒంట్లో రక్తం కూడా అలాగే పారుతుంది. పాదం శివారు పొలం వంటిది. షుగరు, పొగాకు, రక్తపోటు, వయస్సు, ఇవన్నీ రక్తనాళాలను పూడ్చేస్తాయి. అందుకే ముందుగా వేళ్ళు నల్లబడతాయి. పాదం తీసివేసిన తరువాత కొత్త శివారు ఎక్కడంటే, కుట్లు వేసిన చోటే. కాలువలో పూడిక అలాగే ఉంది గనుక ఆ కొత్త శివారుకూ కరువు రావచ్చు.

మోకాలి కింద కాలు తీసినప్పుడు సాధారణంగా వెనుకవైపు పిక్క కండను ముందుకు తెచ్చి ఎముక చివర కప్పుతారు. పిక్కలో రక్తప్రసారం ముందువైపు చర్మంలో కంటే మెరుగ్గా ఉండడమే దీనికి కారణం. అప్పుడు కుట్ల గీత ముందువైపు వస్తుంది. ఆ గీత అంచుల్లోనే నలుపు మొదలవడం ఎక్కువ.

రక్తప్రసారం తక్కువగా ఉండడం పెద్ద కారణమే గాని, అదొక్కటే కాదు. లోపల రక్తం గడ్డకట్టి చర్మాన్ని కిందనుంచి నొక్కవచ్చు. చీము పట్టవచ్చు. వాపు వచ్చి కుట్లు బిగుసుకోవచ్చు. కట్టు మరీ బిగుతుగా కట్టి ఉండవచ్చు. రాత్రివేళ కాలు లేదన్న సంగతి మరచి మంచం దిగబోయి పడిపోయిన వారు కూడా ఉంటారు. ఒంట్లో రక్తం, మాంసకృత్తులు తక్కువగా ఉన్నవారికి గాయం మానే శక్తి తగ్గుతుంది.

పొగాకు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బర్జర్స్ డిసీజ్ అనే జబ్బు ఉంది. 1908లో దీనిని వివరంగా రాసిన లియో బర్జర్ అనే డాక్టరు పేరు మీద ఆ పేరు వచ్చింది. షుగరు లేకపోయినా, 45 ఏళ్ళు నిండకపోయినా, బీడీలు, చుట్టలు, సిగరెట్లు తాగే మగవారికి వేళ్ళు నల్లబడే జబ్బు ఇది. దీనికి మొదటి మందు పొగాకు పూర్తిగా మానడమే. మానినవారికి జబ్బు చాలావరకు ఆగుతుంది. మానకపోతే వేలు, పాదం, కాలు అంటూ పైకి పాకుతుంది. ఆపరేషన్ అయిన వారికి దిగులు పోతుందని బీడీ అందించే స్నేహితులకు మా మనవి ఒకటే. ఆ బీడీ ఖరీదు ఆయన మోకాలు కావచ్చు.

ఎలా గుర్తుపట్టాలి?

మొదటి కొద్ది రోజులు కొంచెం వాపు, కమిలినట్టు రంగు, కొద్దిపాటి తడి ఉండడం మామూలే. రోజురోజుకూ అవి తగ్గాలి. తగ్గకుండా పెరుగుతుంటే అనుమానించాలి.

పుస్తకాల్లో చర్మం ఎర్రబడుతుందని రాస్తారు. మన చామనఛాయ చర్మం మీద ఎరుపు అంత తేలికగా కనబడదు. కాబట్టి కంటితో పాటు చేతినీ, ముక్కునూ వాడాలి. కుట్ల పక్క చర్మం పాలిపోయిందా, నీలంగా లేక వంగపండు రంగులోకి మారిందా, నల్లబడి తోలులా గట్టిపడిందా చూడండి. చేతి వెనుక వైపు ఆనించి చూస్తే పై భాగం కంటే చల్లగా ఉందా, లేక కాలిపోతున్నట్టు ఉందా తెలుస్తుంది. బొబ్బలు, కుట్లు విడిపోవడం, చీము, దుర్వాసన, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆసుపత్రికి రావాలి. జ్వరం, వణుకు, అదుపులో ఉన్న షుగరు ఉన్నట్టుండి పెరిగిపోవడం కూడా లోపల చీము పడుతున్నదానికి గుర్తులే.

చచ్చిన కండ రెండు రకాలుగా కనబడుతుంది. పొడిగా, నల్లగా, ముడుచుకుపోయి, మంచి చర్మానికీ దానికీ మధ్య గీత గీసినట్టు ఉండేది ఒకటి. దీనికి కొంత వ్యవధి ఉంటుంది. రెండవది తడిగా, ఉబ్బి, వాసన వేస్తూ పైకి పాకేది. దీనికి వ్యవధి లేదు, ఆ రోజే రావాలి. చర్మాన్ని నొక్కితే లోపల చిటపటమని గాలి బుడగలు తగిలినట్టు ఉంటే గంటలు కూడా లెక్కే. తెల్లవారనిద్దాం అనుకోకుండా అర్ధరాత్రి అయినా బయలుదేరండి.

“నొప్పి లేదు గదా సిస్టరమ్మా, నొప్పి ఉంటే వచ్చేవాళ్ళం” అనే మాట మేము తరచుగా వింటాము. ఈ మాటకు జవాబుగా డాక్టర్ పాల్ బ్రాండ్ గారిని తలచుకోవాలి. 1914లో మన దక్షిణాదిలోనే మిషనరీ దంపతులకు పుట్టిన ఆయన, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో కుష్ఠురోగుల చేతులకూ కాళ్ళకూ ఆపరేషన్లు చేశారు. కుష్ఠులో వేళ్ళు వాటంతట అవే రాలిపోతాయని అప్పట్లో చాలామంది అనుకునేవారు. నొప్పి తెలియకపోవడం వల్ల దెబ్బ మీద దెబ్బ తగిలి, పుండు పడి అవి పోతున్నాయని ఆయన చూపించారు. తరువాత అమెరికాలో పనిచేసినప్పుడు షుగరు రోగుల పాదాలకూ ఇదే జరుగుతున్నదని బోధించారు. 2003లో ఆయన కన్నుమూశారు. ఆయన చెప్పినది మొండి కాలికీ వర్తిస్తుంది. షుగరు వల్ల స్పర్శ పోయిన చర్మం మొర పెట్టుకోలేదు. దాని బదులు మనమే వెళ్ళి చూడాలి.

ఆసుపత్రిలో ఏమి చేస్తారు?

ముందుగా కట్టు విప్పి చూస్తారు. షుగరు, రక్తం, కిడ్నీ పరీక్షలు చేస్తారు. చీమును పరీక్షకు పంపి ఏ మందు పనిచేస్తుందో తెలుసుకుంటారు. రక్తప్రసారం ఎంతవరకు ఉందో డాప్లర్ పరీక్షలో తెలుస్తుంది. ఎముకకు చీము పట్టిందేమో ఎక్స్‌రేలో చూస్తారు. అవసరమైతే పూడిన రక్తనాళాన్ని తెరిపించడానికి పెద్ద ఆసుపత్రికి పంపుతారు. కాలువ పూడిక తీయకుండా శివారుకు ఎన్ని ఎరువులు వేసినా పైరు నిలవదు గదా!

అంచున కొద్దిగా పొడి నలుపు మాత్రమే ఉంటే డాక్టర్లు తొందరపడకపోవచ్చు. అది దానంతట ఊడి, కింద కొత్త చర్మం రావచ్చు. ఇంట్లో దానిని గిల్లి లాగకూడదు. తడి కుళ్ళు ఉంటే మాత్రం చచ్చిన కండను కోసి తీసివేస్తారు. “రక్తం కారేదాకా కోసేశారమ్మా” అని ఇంటివారు బాధపడతారు. రక్తం వచ్చింది అంటే బ్రతికి ఉన్న కండ దొరికిందని అర్థం. చచ్చిన కండలో రక్తం పారదు గనుక సూదిమందులు కూడా అక్కడికి చేరవు. అందుకే “ఇంజక్షన్లతో సరిపెట్టండి, కోయవద్దు” అన్న కోరికను డాక్టర్లు అన్నిసార్లూ మన్నించలేరు. శుభ్రం చేసిన తరువాత రోజువారీ డ్రెస్సింగ్, కొందరికి గాయం మీద గాలి లాగే యంత్రంతో వ్యాక్యూమ్ డ్రెస్సింగ్, కొందరికి తొడ చర్మం తెచ్చి అతికించడం ఉంటాయి. ఇవేవీ కుదరనప్పుడే ఇంకొంచెం పైకి తీయవలసి వస్తుంది.

“మొదటే పైకి తీసేస్తే పోయేది గదా?”

రెండవసారి ఆపరేషన్ అన్నప్పుడు ప్రతి కుటుంబమూ అడిగే ప్రశ్న ఇది. కొందరు కోపంతో అడుగుతారు. డబ్బు కోసం రెండుసార్లు కోశారని బయట చెప్పుకునేవారూ ఉంటారు. కోపం సహజమే. కాని దీని జవాబు నిదానంగా వినాలి.

మోకాలు ఉన్న మనిషికీ, లేని మనిషికీ బ్రతుకులో చాలా తేడా ఉంది. మోకాలు నిలిస్తే కృత్రిమ కాలుతో నడవడానికి శ్రమ తక్కువ. మోకాలి పైన తీస్తే ప్రతి అడుగుకూ ఎంతో ఎక్కువ శక్తి కావాలి. పెద్ద వయస్సు వారిలో, గుండె బలహీనంగా ఉన్నవారిలో చాలామంది ఆ శ్రమకు తట్టుకోలేక మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమవుతారు. మెట్లెక్కడం, బస్సెక్కడం, తనంతట తాను బాత్‌రూముకు వెళ్ళడం, ఇవన్నీ ఆ ఒక్క కీలు మీద ఆధారపడి ఉన్నాయి. మరి పైన తీస్తే పుండు మానే అవకాశం ఎక్కువ, కింద తీస్తే నడిచే అవకాశం ఎక్కువ. ఈ రెండిటి మధ్య సర్జన్ గారు రోజూ తూకం వేస్తారు. మోకాలు దక్కుతుందన్న ఆశ ఉన్నంతవరకు దానిని నిలపడానికి ప్రయత్నించడం న్యాయమే. ఆ ప్రయత్నం కొన్నిసార్లు ఫలించదు. రక్తనాళాల జబ్బు ఉన్నవారిలో అది అరుదు కూడా కాదు.

అయితే ఈ మాట చెప్పవలసిన సమయం రెండవ ఆపరేషన్ రోజు కాదు. మొదటి ఆపరేషన్ ముందు రోజు చెప్పాలి. ఏ ఆసుపత్రిలోనైనా సరే, అంగీకార పత్రం మీద వేలిముద్ర వేయించే ముందు “మోకాలు నిలపడానికి చూస్తాము, అది మానకపోతే మళ్ళీ పైకి తీయవలసి రావచ్చు, మీరేమంటారు?” అని రోగినే అడగాలి. కొడుకుతో బయట వరండాలో చెబితే సరిపోదు. కాలు ఆ తండ్రిది, ఆ తల్లిది. ముందే తెలిసిన కుటుంబం రెండవసారి గుండె దిటవు చేసుకుంటుంది. తెలియని కుటుంబం మోసపోయామనుకుని ఆసుపత్రి మార్చి, ఊళ్ళు తిరిగి, విలువైన రోజులు పోగొట్టుకుంటుంది. చెప్పకపోతే మీరే అడగండి. అడగడం మీ హక్కు, డాక్టరు గారిని అగౌరవపరచడం కాదు.

ఇంట్లో ఎవరు చూడాలి?

ఇది చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. మన ఇళ్ళలో మామగారి కాలు కోడలు చూడదు, సిగ్గు. భార్యకు చూస్తే కళ్ళు తిరుగుతాయి. కొడుకులు పనికి వెళ్తారు. రోగి తనకు తానుగా మొండి కాలు కింద భాగాన్ని చూసుకోలేడు, చాలామందికి షుగరు వల్ల చూపు కూడా తగ్గి ఉంటుంది. పైన లుంగీయో, దుప్పటో కప్పి ఉంటుంది. చూడడానికి వచ్చిన చుట్టాలు పండ్లు పెట్టి, కన్నీళ్ళు పెట్టి వెళ్తారు. దుప్పటి కింద ఏముందో ఎవరికీ తెలియదు.

మరికొందరు తెలిసీ దాచిపెడతారు. నలుపు కనబడిందని చెబితే మళ్ళీ కోస్తారన్న భయం. పిల్లలకు మళ్ళీ అప్పు అవుతుందన్న దిగులు. ఆ తండ్రి మనస్సు మాకు అర్థమవుతుంది. కాని దాచిన నలుపు ఆగదు. మొదటి వారంలో వస్తే అంచు మాత్రమే తీసేవారు, నెల దాటి వస్తే మోకాలు తీయవలసి వస్తుంది. ఖర్చు భయంతో దాచినదే పెద్ద ఖర్చుకు దారి తీస్తుంది.

కాబట్టి ఇంట్లో ఒకరిని ఏర్పాటు చేసుకోండి. కొడుకు పనికి వెళ్ళే ముందు పది నిమిషాలు చాలు. కొడుకు లేని ఇంట మనవడో, తమ్ముడో, పక్కింటివారో. నర్సింగు అంటే ఆడవారి పని అనుకోవద్దు. కుట్లు ఉన్నన్నాళ్ళు డ్రెస్సింగ్ చెప్పిన రోజుల్లో తెలిసినవారి చేతనే మార్పించాలి. మిగిలిన రోజుల్లో కట్టు పైన తడి, వాసన, కట్టుకు పైనున్న చర్మం రంగు చూడాలి. ఈ కుట్లు మామూలు ఆపరేషన్ల కంటే ఆలస్యంగా తీస్తారు, మూడు వారాలు పట్టవచ్చు, తొందరపెట్టవద్దు. కుట్లు తీసిన తరువాత రోజూ పగటి వెలుతురులో విప్పి చూడాలి. కింద భాగం చూసుకోవడానికి చిన్న చేతి అద్దం ఉపయోగపడుతుంది.

ఎలాస్టిక్ కట్టు డాక్టరు చెప్పిన తరువాతే కట్టాలి. గుండ్రంగా చుట్టకుండా ఎనిమిది అంకెలా ఐమూలగా కట్టాలి. చివర కొంచెం బిగుతు, పైకి వచ్చేకొద్దీ వదులు. పైన బిగించి కింద వదిలితే రక్తం ఆగి నల్లబడుతుంది. కట్టిన తరువాత నొప్పి, తిమ్మిరి పెరిగితే వెంటనే విప్పండి. సుఖంగా ఉంటుందని మోకాలి కింద దిండు పెట్టి పడుకోబెట్టవద్దు, కీలు వంగి బిగుసుకుపోతుంది. అలా బిగిసిన కాలికి కృత్రిమ కాలు అమర్చడం కష్టం.

మేలు చేయబోయి చేసే కీడు

చల్లగా ఉన్న కాలికి వేడినీళ్ళ సీసా, ఇటుక కాపడం పెడతారు. స్పర్శ లేని, రక్తం తక్కువగా పారే చర్మం ఆ వేడికి కాలిపోతుంది, పుండు పెద్దదవుతుంది. ఆకుపసరు, సున్నం, కాఫీపొడి, పేడ వంటివి పుండు మీద వేయవద్దు. స్పిరిట్, డెటాల్ నేరుగా పోస్తే క్రిములతో పాటు కొత్తగా వచ్చే కండ కూడా చస్తుంది.

పథ్యం సంగతి మరొకటి. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, చేపలు పడవని రోగికి చారు అన్నంతో సరిపెడతారు. చీము క్రిముల వల్ల పడుతుంది, పప్పు వల్ల పడదు. గాయం మానాలంటే పప్పు, గుడ్డు, చేప, పాలు, ఆకుకూరలు కావాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత తినాలో డాక్టరును అడగాలి.

కృత్రిమ కాలు గురించి కూడా ఒక మాట. 1968లో జైపూరులో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె.సేథీ గారు కలిసి తయారుచేసిన జైపూర్ ఫుట్ మన నేల మీద నడవడానికి, గొంతుక్కూర్చోవడానికి వీలుగా ఉండి ఎంతోమందిని నిలబెట్టింది. కాని పుండు పూర్తిగా మానిన తరువాతే ఏ కాలైనా తొడగాలి. తొడిగిన తరువాత కూడా సాయంత్రం తీసి చూడాలి. ఒరిసి కమిలిన చోటు ఉంటే మానేదాకా వాడకుండా ఆపి, కాలు తయారుచేసిన వారి చేత సరిచేయించాలి. కాలక్రమంలో మొండి కాలు సన్నబడుతుంది గనుక పాత సాకెట్ వదులవడం మామూలే. ఇంకొక సంగతి, మిగిలిన రెండవ పాదం కూడా అదే జబ్బు ఉన్న ఒంటిదే. రోజూ దానినీ చూడండి.

సంఘ కుటుంబాలు చేయగలిగినది

ఐసిఎంఆర్ 2023లో ప్రచురించిన అధ్యయనం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉన్నట్టు లెక్కకట్టింది. ప్రతి వీధిలోనూ ఇటువంటి కుటుంబం ఒకటి ఉంటుంది. చెప్పిన తేదీకి రోగి రాకపోవడానికి చాలాసార్లు నిర్లక్ష్యం కారణం కాదు. ఒంటి కాలుతో బస్సెక్కలేరు, ఆటోకు డబ్బు లేదు, తోడు వచ్చేవాడికి ఆ రోజు కూలి పోతుంది. ఇక్కడే సంఘం సహాయం కావాలి. ఆటో, కారు ఉన్నవారు నెలకు ఒక రోజు ఒక రోగిని తీసుకురాగలరా ఆలోచించండి. పరామర్శకు వెళ్ళినప్పుడు పండ్లతో పాటు “కట్టు ఎప్పుడు మార్చారు, ఎవరు చూశారు?” అని అడగండి. అనుమానం ఉంటే ఊళ్ళో ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో చూపించండి. ఫోటో తీసి పంపితే కొంత తెలుస్తుంది గాని, తడి కుళ్ళు, జ్వరం ఉంటే ఫోటోలతో కాలయాపన చేయవద్దు.

చివరగా, డిశ్చార్జి అయ్యే ప్రతి కుటుంబానికీ మా విన్నపం ఇది. మందుల చీటీ తీసుకుని లేచిపోవద్దు. ఇంట్లో చూడబోయే మనిషిని వార్డుకు తీసుకురండి. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు ఆయనను పక్కన నిలబెట్టి, ఈ రోజు కాలు ఎలా ఉందో చూడనివ్వండి. చర్మం మీద చేయి ఆనించి వెచ్చదనం తెలుసుకోనివ్వండి. ఏ రంగు మామూలు, ఏ రంగు ప్రమాదం అన్నది మా నర్సులను అడగండి. ఎన్నిసార్లు అడిగినా చెబుతారు, అది వారి పని.